అన్నం మెతుకుల్లో సూది



ఈ వారం ఒక తప్పు ఒప్పుకుందామని రాస్తున్నాను. తప్పు నాదే.

నాకు షుగరు ఉందని మీలో చాలామందికి తెలుసు. నాలుగేళ్లుగా రోజూ ఇన్సులిన్ వేసుకుంటున్నాను. వాడిన సూదిని వంటింటి చెత్తలో పడేసేవాణ్ణి. రాత్రి మిగిలిన అన్నం, కూరగాయ తొక్కలు, పాల ప్యాకెట్లు, వాటి మధ్య నా సూదులు, అన్నీ ఒకే నల్ల కవరులో. పొద్దున్నే పంచాయతీ రిక్షా విజిల్ వినబడగానే ఆ కవరు గేటు దగ్గర పెట్టేసి ప్రార్థనకు కూర్చునేవాణ్ణి. ఇల్లు శుభ్రంగా ఉంది కదా అనుకునేవాణ్ణి.

పోయిన చలికాలంలో ఒక ఉదయం ఆ రిక్షాతో వచ్చే అక్క వేలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఆవిడ మన సంఘస్తురాలే. కవరు విప్పి తడిచెత్త వేరు చేస్తుంటే, అన్నంలో ఉన్న సూది చేతి తొడుగులోంచి వేలికి దిగింది. "ఏం పర్లేదండి అయ్యగారూ, కాసిని నీళ్లిస్తే కడుక్కుంటాను" అంది. ఆ కవరు ఎవరిదో ఆవిడ అనలేదు. నేను రిక్షాలోకి తొంగి చూశాను. విప్పిన కవరులో నా పేరున్న మందుల బిల్లు పైకే కనిపిస్తోంది.

వేలు సబ్బుతో బాగా కడిగించి, మా ఆవిడా నేనూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. హెపటైటిస్, హెచ్ఐవి లాంటివి వాడిన సూది గుచ్చుకుంటే అంటుకోవచ్చని, సూది వాడినవారి రక్తం కూడా పరీక్ష చేయాలని డాక్టరుగారు అన్నారు. నేను చెయ్యి చాపాను. నా రక్తంలో అలాంటివేమీ లేవని తేలింది. అయినా కొన్ని వారాల తర్వాత ఆవిణ్ణి మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. అన్నం కలిపి పెడితే ఏమీ అంటుకోదని డాక్టరుగారు చెప్పినా, అన్నాళ్లూ ఆవిడ మనవడికి తన చేత్తో ముద్ద పెట్టలేదట. రెండో పరీక్షలోనూ ఏమీ లేదు. దేవునికి స్తోత్రం. కానీ ఆ వారాలను ఆవిడకు నేను తిరిగి ఇవ్వలేను.

చెత్త వేరు చేయమంటే మనకిదేదో కొత్త పనిలా ఉంటుంది. మా అమ్మ కాలంలో మన కోనసీమ ఇళ్లల్లో అసలు చెత్త కలిసేదే కాదు. బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు కుడితిలోకి పోయేవి, గేదె తాగేది. పేడ, ఆకులు, పొయ్యి బూడిద పెంటపోగులోకి, అక్కణ్ణుంచి చేలోకి. కొబ్బరి డొక్కలు, చిప్పలు పొయ్యిలోకి. మట్టల ఈనెలు చీపురుకి. సీసాలు, ఇనుప ముక్కలు పాత సామాన్లవాడికి. గాజు పెంకు కనబడితే అమ్మ ఏరి, ఎవరూ నడవని చోట లోతుగా గొయ్యి తీసి పూడ్చేది. ఎవరి కాలిలోనో దిగుతుందని ఆమె భయం.

ప్లాస్టిక్ కవరు వచ్చాక అన్నీ ఒకచోట వేయడం అలవాటు చేసుకున్నాం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వంతెన మీద నిలబడి చూడండి. ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్లు ఆగగానే అడుగున మన కవర్లు, పిల్లల డైపర్లు, విందుల్లో పారేసిన ప్లేట్లు బయటపడతాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా మన ప్రేమవిందుల్లో మొన్నమొన్నటిదాకా వాడాం. అదీ నా బాధ్యతే.

కలిపితే దేనికీ విలువ ఉండదు. కూర పులుసు అంటిన కాగితాన్ని పాత సామాన్లవాడు కొనడు. ప్లాస్టిక్ కలిసిన తొక్కలు వానపాముల ఎరువుకి పనికిరావు. చాలా పంచాయతీల్లో చెత్త నుంచి సంపద కేంద్రాలు కట్టారు. కానీ మనం కలిపి పంపితే అక్కడ ఎవరో ఒకరు చేత్తో విడదీయాల్సిందే. 2016లో కేంద్రం తెచ్చిన నియమాలు ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త మూడుగా వేరు చేయమన్నాయి. మనం మానేసిన పని మాయమైపోదు, ఇంకొకరి చేతికి వెళుతుంది. ఆ చేతులు చాలావరకు మన పేటల నుంచి వెళ్లిన అక్కచెల్లెళ్లవే.

యోహాను సువార్త ఆరో అధ్యాయం ఎన్నిసార్లు బోధించానో! అయిదు రొట్టెలు, రెండు చేపలు, అయిదు వేలమంది. ప్రతిసారీ అద్భుతం గురించే చెప్పాను. అందరూ తిన్నాక ప్రభువు మిగిలిన ముక్కలు ఏరమన్నది ఎవరిని? వడ్డించిన తన శిష్యులనే. విందు పెట్టినవారే ఎత్తారు, పన్నెండు గంపలు నిండాయి. ఆ మాట నాకు ఈ ఏడాదే తగిలింది.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను. అన్నం, తొక్కలు, చేప పొలుసులు కొబ్బరిచెట్టు పక్క గోతిలోకి, పైన గుప్పెడు మట్టి. పాల ప్యాకెట్లు, కవర్లు కడిగి ఆరబెట్టి గోనెసంచిలోకి. పగిలిన గాజు, బ్లేడు, బ్యాటరీ, బల్బు, తేదీ దాటిన మాత్రలు వేరే డబ్బాలో. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో గట్టిగా చుట్టి విడిగా ఇస్తాం. సూదులు మాత్రం మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, పైన "సూదులు" అని రాసి, నిండాక ఆసుపత్రిలో అప్పగిస్తాను. ఇకనుంచి ప్రేమవిందు అరిటాకుల్లోనే. తిన్న ఆకులు ఎత్తేది పెద్దలమూ, నేనూ.

కవరు గేటు దగ్గర పెట్టి లోపలికి వెళ్లడం మానేశాను. విజిల్ వినగానే నేనే బయటికి వస్తాను. మొదటిరోజు అక్క నా చేతిలో సీసా చూసి, "ఇవేనా అయ్యగారూ ఆ సూదులు?" అంది.

"అవునక్కా. ఇవి నీకు కాదు, ఆసుపత్రికి" అన్నాను.

నవ్వి, గోనెసంచి తీసుకుని రిక్షా ముందుకి తోసుకుంటూ వెళ్లింది.

ప్రభువా, మా గుమ్మం దాటాక మా చెత్త ఏ చేతిని తాకుతుందో మాకు గుర్తుండేలా చేయి. ఆమెన్.