మాస్టారి ఎర్రకోటు

గొడవ కొలతల దగ్గరే మొదలైంది. నంద్యాలలో ఆ టైలరు టేపు మెడలో వేసుకుని నిలబడి, "సార్, పెండ్లికొడుక్కి షేర్వానీ కుట్టమంటే కుడతా. పోలీసు డ్రస్సు కుట్టమన్నా కుడతా. ఈ వెనక తోకలుండే ఎర్రకోటు మాత్రం నా సర్వీసులో కుట్టింది లేదు" అనేశాడు. మాస్టారు చేతిసంచీలోంచి జిరాక్సు బొమ్మ తీసి కుట్టుమిషను మీద పరిచారు. కంపెనీవాళ్ళ మద్రాసు సైన్యంలోని సిపాయి బొమ్మ అది. ఎర్రకోటు, ఛాతీ మీద అడ్డంగా తెల్లపట్టీలు, నెత్తిన పొడుగాటి నల్లటోపీ.

"ఇంత తిప్పలెందుకు? నాటకాల డ్రస్సుల అంగట్లో ఖాకీ నిక్కరు, దొరటోపీ బాడుగకు ఇస్తారు కదా!"

"అవి తర్వాత కాలానివి నాయనా. 1846లో మన దగ్గరికొచ్చిన పటాలం ఎర్రకోట్లదే."

టైలరు ఇంకేం మాట్లాడకుండా టేపు తీశాడు. రిటైరైన సోషల్ మాస్టారితో తేదీల దగ్గర వాదన పెట్టుకుని గెలిచినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు.

అసలు ఈ పని నెత్తినేసుకున్నది ఆళ్ళగడ్డ కుర్రాళ్ళు. 2019 అక్టోబరు 2న 'సైరా' విడుదలయ్యాక రేనాటి పల్లెల్లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మాట లేని రచ్చబండ లేదు. సినిమా బాగానే ఉంది గానీ, మన ఊళ్ళ కథను మన యాసలో, మన మనుషులే ఆడితే ఎట్లుంటుందని వాళ్ళ ఆలోచన. స్టేజీ లేదు, తెర లేదు. జనం మధ్యలోనే దండు నడవాలి, జనం మధ్యలోనే ఖజానా మీద పడాలి. మరుసటి ఏడు ఫిబ్రవరి 22, అంటే రెడ్డిని ఉరితీసిన రోజు, శనివారం పడింది. ఆ సాయంత్రం నంద్యాలలో, ఆదివారం ఆళ్ళగడ్డలో ఆడాలని ముహూర్తం పెట్టుకున్నారు.

కథ అందరికీ తెలిసిందే. నొస్సం పాళెగాడైన తాత జయరామిరెడ్డి తరఫున వచ్చిన తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. అది అడగబోయిన మనిషిని కోవెలకుంట్ల తహసీల్దారు తిట్టి పంపాడని చెప్పుకుంటారు. 1846 జూలైలో ఖజానా మీద దాడి. అక్టోబరు 6న పేరుసోముల దగ్గర పట్టుబడటం. తరువాతి లెక్కలు మాత్రం చాలామందికి తెలియవు. దాదాపు వెయ్యిమందిని పట్టుకుంటే 412 మందిని వదిలేశారు, 273 మందిని జామీను మీద పంపారు, 112 మందికి శిక్షలు వేశారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో, కలెక్టరు కాక్రేన్ ఎదుట రెడ్డిని ఉరితీశారు. తలను 1877 దాకా కోట గోడ మీదే ఉంచారు. ముప్ఫై ఏళ్ళు! ఆ రోజు పుట్టిన బిడ్డ పెరిగి, పెండ్లాడి, తన పిల్లల్ని చంకనేసుకుని ఆ గోడ కిందనుంచే సంతకు పోయి ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు మాత్రం రిహార్సల్లో ఎవరూ ఫోను చూసుకోలేదు.

నరసింహారెడ్డి వేషానికి పోటీ లేదు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే కుర్రాడొకడున్నాడు. పదేళ్ళు ఉలీ సుత్తీ పట్టిన చేతులు, దానికి తగ్గ మీసం. వడ్డె ఓబన్న వేషానికి ఇద్దరు కొట్లాడుకున్నారు. చిక్కంతా ఎర్రకోట్ల దగ్గరొచ్చింది. "మేం ఎయ్యం సార్, ఊర్లో తలెత్తుకోలేం" అని ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి అరవయ్యొకటో ఏట మాస్టారే ముందుకొచ్చారు. ఆయన వేస్తున్నారని సిగ్గుపడి మరో ఏడుగురు వచ్చారు.

ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ఫోనులో చెబితే పడీపడీ నవ్వాడు. "నాన్నా, ఇక్కడ రోమన్ సిపాయిల వేషాలేస్తారు తెలుసా! శనాదివారాలు కవచాలు తొడుక్కుని, డాళ్ళు పట్టుకుని కవాతు చేస్తారు. టిక్కెట్టు కొని మరీ పిల్లల్ని తీసుకెళ్తారు." వాళ్ళలో ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ అనే బృందం 1972 నుంచీ ఉందట. మాస్టారికి ఆశ్చర్యమేసింది. రోమనులు బ్రిటన్ను గెలిచి దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఏలారు. తమను ఏలినవాడి వేషం అంత ముచ్చటగా వేసుకుంటారా? వేసుకుంటారు. పదహారు వందల ఏళ్ళు గడిచాయి మరి. మనకింకా రెండు వందలు కూడా నిండలేదు.

కొడుకు మరో సంగతి కూడా చెప్పాడు. అక్కడి హేడ్రియన్ గోడకు కాపలా కాసినవాళ్ళంతా రోము వాళ్ళు కారు. రోము గెలుచుకున్న సిరియా దేశపు విలుకాళ్ళ దండు కూడా అక్కడ ఉండేది. ఆ మాట దగ్గర మాస్టారికి రాత్రి నిద్ర పట్టలేదు. మద్రాసు సైన్యం సిపాయిల్లో తెలుగువాళ్ళు తక్కువేం కాదని ఆయన చదివిందే. ఇన్నేళ్ళ సర్వీసులో మాత్రం పిల్లలతో 'తెల్లవాళ్ళు పట్టుకున్నారు, తెల్లవాళ్ళు ఉరితీశారు' అనే చదివించారు. ఒక మార్కు ప్రశ్న అది.

తెల్లారి రిహార్సల్లో పేచీ పెట్టారు. "కాక్రేన్ ఒక్కడికే పౌడరు పూయండి. మాకొద్దు. ఆ సిపాయిలూ మన మాదిరే ఉండేవాళ్ళు."

"అట్లయితే జనానికి ఎవడు ఎవడో తెలిసేదెట్ల సార్? కేకలెయ్యాలంటే శత్రువు మొగం కనపడాల గదా!" అన్నాడు శిల్పి కుర్రాడు.

అతనన్నదీ నిజమే. శనివారం నంద్యాలలో అందరికీ తెల్లపౌడరు దట్టంగా పట్టించారు. ఆట ఎంత రంజుగా సాగిందో! ఖజానా మీద దాడికి ఉల్లిగడ్డ బాంబులు పేలుతుంటే పిల్లలు చెవులు మూసుకుని గంతులేశారు. ఎర్రకోట్లు కనపడితే చాలు, ఈలలు, బూతులు, వేరుసెనగ తొక్కలు. మాస్టారి నల్లటోపీ ఎవడో లాక్కుని పరుగెత్తాడు. అట్టతో చేసింది, నలిగిపోయింది. జనం కడుపుబ్బా నవ్వుకుని ఇళ్ళకు పోయారు. మాస్టారి భార్య కూడా నవ్వారు. "ముగ్గుపిండి డబ్బాలో పడినట్లున్నారు" అన్నారు.

ఆదివారం నలభై కిలోమీటర్ల అవతల ఆళ్ళగడ్డలో, ఆట మొదలయ్యే ముందు మాస్టారు కొళాయి కింద మొహం కడుక్కున్నారు. మిగిలిన ఏడుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుని, వాళ్ళూ కడుక్కున్నారు. శిల్పి కుర్రాడు చూశాడు గానీ ఏమీ అనలేదు.

ఆ రోజు కేకలు సగమే వచ్చాయి. ఖజానా దాడి దాకా ఈలలున్నాయి. పట్టుబడిన రెడ్డిని కట్టేసి తీసుకొస్తుంటే గుంపులోంచి, "ఓరి, మన సోషల్ సారురా!" అన్న మాట వినపడింది. ఆ తర్వాత గలాటా లేదు. ఉరికంబం చుట్టూ నల్లటి, చామనఛాయ మొహాలతో ఎనిమిది ఎర్రకోట్లు. ముందువరసలో కింద కూర్చున్న ఒక జేజి లేచి నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చింది. ఆట నడుస్తోందన్న పట్టింపే లేదు ఆమెకు.

"ఏం నాయనా, మనోని మాదిరే ఉండావే. ఆ గుడ్డలు యాల ఏసుకుంటివి?"

రాసుకున్న మాటల్లో దీనికి జవాబు లేదు. సిపాయి నోరు విప్పకూడదు కూడా. మాస్టారు కట్టెతుపాకి అట్లాగే పట్టుకుని, "జీతం ఇస్తారు జేజీ" అన్నారు.

"ఎంత?"

తేదీల మాస్టారికి ఆ అంకె నోటికి రాలేదు. జేజి ఆయన్ని పైనుంచి కిందికి చూసి, కోటు అంచు పట్టుకుని గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ళతో నలిపి, వెళ్ళి తన చోట కూర్చుంది. ఉరితాడు దగ్గర నిలబడ్డ శిల్పి కుర్రాడు తన చివరి మాటలు ఎప్పటికన్నా మెల్లగా చెప్పాడు. వెనక వరసలవాళ్ళకు వినపడలేదని తర్వాత ఫిర్యాదు కూడా వచ్చింది.

మరుసటి ఏడు మళ్ళీ ఆడదామనుకున్నారు. నెల తిరిగేలోపు లాక్‌డౌన్ వచ్చింది, కుర్రాళ్ళు తలో దిక్కూ అయిపోయారు. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైంది. ఎర్రకోటు మాత్రం మాస్టారింట్లో బీరువా అడుగున, కలరా ఉండల మధ్య ఉంది. పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకి వచ్చినప్పుడల్లా భార్య అడుగుతూనే ఉంటారు.

"అదెట్లాగూ మీకు పట్టదు. ఇచ్చేస్తే ఒక గిన్నె వస్తుంది కదండీ!"

"ఉండనీ" అంటారు మాస్టారు, పేపర్లోంచి తలెత్తకుండా.