కనుమనాటి కుంభకర్ణుడు

మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లిలో మావాడు ఆరు బూరెలు తిన్నాడు. పదిహేడేళ్ల పిల్లాడు కదా అని నేనే ఇంకో రెండు వేయించాను. అర్ధరాత్రి దాకా డాన్సులు. తెల్లారి "అమ్మా, కాళ్లు లేవట్లేదే" అంటే సాకులనుకుని దుప్పటి లాగేశాను. కాళ్లు నిజంగానే కదల్లేదు.

ఆసుపత్రిలో చూస్తే రక్తంలో పొటాషియం 2.1. కనీసం 3.5 ఉండాలట. పొటాషియం ఇచ్చాక సాయంత్రానికి లేచి నడిచాడు. పరీక్షలన్నీ అయ్యాక జబ్బు పేరు చెప్పారు, హైపోకలీమిక్ పీరియాడిక్ పెరాలిసిస్. అన్నం, తీపి ఎక్కువ తింటే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. మనకేం కాదు. వీళ్లకి మాత్రం కండరాలు మొరాయిస్తాయి.

"వంశంలో వచ్చేదమ్మా, మీవైపు ఎవరికైనా ఉందా?" అన్నారు డాక్టరుగారు. లేదని గట్టిగా చెప్పాను. ఇంటికొచ్చాక నాన్న గుర్తొచ్చారు. సంక్రాంతికి అరిసెలు, పరమాన్నం తిన్న మర్నాడు మధ్యాహ్నం దాకా మంచం దిగేవారు కాదు. "కనుమనాటి కుంభకర్ణుడు" అని అమ్మా, మేమూ నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవారు. కాళ్లు లేవట్లేదని ఒక్కసారీ అనలేదు. అన్నా వినేవాళ్లమా?

జన్యువు ఉన్నా కొందరు ఆడవాళ్లలో ఏమీ బయటపడదట. అలా నా చేతుల మీదుగా వాడికి వచ్చింది. అత్తయ్య ఒక్క మాటా అనలేదు. అంటేనే నయమనిపించింది.

నేను చదివింది తెలుగు బి.ఏ. అయినా రాత్రిళ్లు ఫోన్లో వెతికాను. పినాసిడిల్ అని ఒక బీపీ మందు ఉందట. కణాల్లోంచి పొటాషియం బయటికి వెళ్లే దారులు తెరిచి రక్తనాళాలను సడలిస్తుంది. కండరాల్లోనూ అలాంటి దారులున్నాయి కదా అని 1996లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఈ జబ్బున్న నలుగురికి ఇచ్చి చూస్తే, ఇద్దరికి కండరాల బలం పెరిగింది. కాగితం మీద రాసుకుని పరుగెత్తాను.

డాక్టరుగారు విసుక్కోలేదు. "నలుగురేనమ్మా. పైగా బీపీ పడిపోయే మందు. మీవాడికి పొటాషియం, ఎసిటజోలమైడ్, తిండిలో జాగ్రత్త, ఇవి చూద్దాం" అన్నారు. ఆ కాగితం మాత్రం పోపులడబ్బా కింద దాచుకున్నాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "కాఫీ మంచం దగ్గరికి తెమ్మనేవారే... విసుక్కుంటూ ఇచ్చేదాన్ని" అంది. తమ్ముణ్ణీ, వాడి పిల్లలిద్దర్నీ డాక్టరుకి చూపించమని చెప్పి పెట్టేశాను.