నేను దిద్దిన పేజీ

వేదాంత కళాశాలలో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివే పిల్లలకు శని, ఆదివారాలు సెలవు కాదు. శనివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే తమకు అప్పగించిన సంఘానికి బస్సెక్కుతారు. గృహ దర్శనాలు చేస్తారు, సండేస్కూలు నడుపుతారు, పాస్టరుగారు పక్క ఊరి ఆరాధనకు వెళ్తే ఇక్కడ వాక్యం చెబుతారు. సోమవారం పొద్దున ఫీల్డ్‌వర్క్ డైరీలు తెచ్చి మా బల్ల మీద పెడతారు. ఆ డైరీలు చూసి మార్కులు వేసే బాధ్యత చాలా ఏళ్లు నా మీద ఉండేది. ఆ బాధ్యతను నేను ఎలా నిర్వర్తించానో ఇప్పుడు దాచుకోకుండా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే ఇవాళ్టికీ చాలాచోట్ల డైరీలు అలాగే దిద్దుతున్నారు.

నేను చెప్పే పాఠం లూథరన్ సిద్ధాంతం. అందులో నాకు ప్రాణమైన అధ్యాయం ధర్మశాస్త్రానికీ సువార్తకూ ఉన్న తేడా. దేవుడు మనిషిని చేయమని అడిగేది ధర్మశాస్త్రం. మనిషి కోసం తానే చేసి ఇచ్చేది సువార్త. బైబిలంతటా ఈ రెండూ ఉన్నాయి. ఏది, ఎవరికి, ఎప్పుడు చెప్పాలో తెలుసుకోవడంలోనే బోధకుడి విద్యంతా ఉంది. పాపంలో నిశ్చింతగా ఉన్నవాడికి ధర్మశాస్త్రం చెప్పాలి, నలిగిపోయినవాడికి సువార్త చెప్పాలి. అమెరికాలో సెయింట్ లూయిస్ సెమినరీలో సి.ఎఫ్.డబ్ల్యూ. వాల్తర్ 1884-85లో శుక్రవారం సాయంత్రాలు ఈ ఒక్క విషయం మీదే విద్యార్థులకు ప్రసంగాలు చేశాడు. ఆయన పోయిన తర్వాత 1897లో అవి పుస్తకంగా వచ్చాయి. నేను ఆ పుస్తకం ముందు పెట్టుకునే పాఠం చెప్పేవాణ్ని. ఈ వివేకాన్ని పరిశుద్ధాత్ముడు అనుభవమనే బడిలో నేర్పాల్సిందేనని వాల్తర్ చెప్పిన చోటికి వస్తే గొంతు పెంచి మరీ చెప్పేవాణ్ని. పిల్లలు రాసుకునేవారు. పరీక్షలో అడిగితే బాగానే రాసేవారు.

ఒకసారి తనిఖీ కమిటీ వస్తోందని పాత రికార్డులు బయటికి తీయించాం. డైరీల కట్ట విప్పి, చూపించడానికి మంచివి నాలుగు ఏరుతున్నాను. నా దగ్గర బాగా చదివిన కుర్రాడి డైరీ ఒకటి చేతికొచ్చింది. సిద్ధాంతంలో ఆ ఏడు అతనిదే మొదటి మార్కు. తెరిచిన పేజీలో ఒక గృహ దర్శనం గురించి రాసి ఉంది.

కూలి పని చేసి బతికిన పెద్దాయన. మంచాన పడి నెలలైంది. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. మా విద్యార్థి వెళ్లి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన అడిగిన మాటా తాను చెప్పిన మాటా ఉన్నదున్నట్టు రాశాడు.

"అయ్యగారూ, దేవుడికి నా మీద కోపం వచ్చిందంటారా?"

"అలా అనుకోకండి తాతగారూ. విశ్వాసం ఉంచండి."

"ఉంచుదామనే చూస్తున్నానయ్యా. నా వల్ల కావడం లేదు."

"ఇంకా గట్టిగా నమ్మండి. ఆయన విడిచిపెట్టడు."

ఆ తర్వాత పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నారట. మావాడు ఒక కీర్తన పాడి, ప్రార్థన చేసి లేచి వచ్చేశాడు.

ఆ పేజీ మీద ఎర్ర సిరాతో నా చేతిరాత ఉంది. 'విస్వాసం' అన్నచోట స కొట్టేసి శ రాశాను. ఏ కీర్తన పాడావో సంఖ్య వేయమని మార్జిన్‌లో రాశాను. కింద, 'బాగుంది, ప్రార్థనతో ముగించావు' అని రాసి పదికి ఏడు వేశాను.

నేను బతుకంతా నేర్పిన పాఠం ఏ చోట పనికి రావాలో సరిగ్గా ఆ చోటే పనికి రాలేదని ఆ పేజీ చెబుతోంది. నమ్మలేకపోతున్నానని ఒక మనిషి ఏడుస్తుంటే ఇంకా గట్టిగా నమ్మమనడం ధర్మశాస్త్రమే. మాట మెత్తగా ఉన్నా, దేవుడి పేరుతో చెప్పినా, చావుబతుకుల్లో ఉన్నవాడి నెత్తిన అది ఇంకో పని పెడుతుంది. విశ్వాసం అనే మాట పలికితే చాలు సువార్త చెప్పినట్టేనని మావాడు అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నానని ఏడు మార్కులు వేసి ఒప్పుకున్నాను.

ఆ పెద్దాయనకు చెప్పాల్సిన మాట కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో, విశ్వాస ప్రమాణం మూడో భాగానికి రాసిన వివరణలోనే ఉంది: మనిషి తన తెలివితో, తన బలంతో క్రీస్తును నమ్మలేడు, ఆ నమ్మకాన్ని పుట్టించి నిలబెట్టేది పరిశుద్ధాత్ముడే. కన్ఫర్మేషన్ నాటికే మావాడికి అది కంఠతా వచ్చు. నా వల్ల కావడం లేదని పెద్దాయన అన్నప్పుడు ఆయన ఆ ప్రశ్నోత్తరిలో ఉన్న సత్యాన్నే తన మాటల్లో చెప్పాడు. అవును తాతగారూ, అది మీ వల్ల అయ్యేది కాదు, అందుకే ఆయన మీకు బాప్తిస్మం ఇచ్చాడు, మీ పట్టు జారినా ఆయన పట్టు జారదు అని చెప్పి ఉంటే సరిపోయేది. పాపం మీద పడి నలిపేటప్పుడు, అయినా నేను బాప్తిస్మం పొందినవాణ్ని అని తనకు తాను చెప్పుకోమని పెద్ద ప్రశ్నోత్తరిలో లూథర్ నేర్పాడు. 1519లో మరణానికి సిద్ధపడటం గురించి రాసిన చిన్న ప్రసంగంలోనూ అదే దారి చూపించాడు: చావు ఘడియలో చావును, పాపాన్ని, నరకాన్ని తేరిపార చూడొద్దు, క్రీస్తును చూడు, నీకిచ్చిన సంస్కారాలను పట్టుకో. ఆ ప్రసంగాన్ని నేను క్లాసులో రెండు గంటలు చెప్పాను. ఎప్పుడు రాశాడో, ఎవరి కోసం రాశాడో చెప్పాను. ఏ మంచం పక్కన కూర్చుని దాన్ని ఎలా పలకాలో ఒక్కసారీ పలికించలేదు.

మా పల్లెల్లో ఒక్కో పాస్టరుగారి కింద నాలుగైదు ఊళ్లుంటాయి. అభిషేకం కాని విద్యార్థి ప్రభురాత్రి భోజనం ఇవ్వలేడు. కానీ పాస్టరుగారికి కబురు చేసి, ఆ రాత్రికే రప్పించొచ్చు. డైరీ సోమవారమే నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి పెద్దాయన ఇంకా బతికే ఉన్నారు. నేను చదివి ఉంటే ఒక్క ఫోను చాలు. అన్నిటికన్నా నన్ను తినేసేది ఇదే.

ఆ విద్యార్థి అప్పటికి పాస్టరై కొన్నేళ్లయింది. ఫోన్ చేసి పేజీ సంగతి చెప్పాను. మొదట మాట్లాడలేదు. తర్వాత, "ఆ వీధిలోకి నేను మళ్లీ వెళ్లలేదండీ. పక్క వీధిలోంచి గుడికి వెళ్లేవాణ్ని. ఆయన పోయాక సమాధి కార్యక్రమానికి కూడా ఒంట్లో బాగా లేదని చెప్పి వెళ్లలేదు. మీరు బాగుందని రాశారు కదా, నాకే ఏదో తక్కువని అనుకున్నాను" అన్నాడు. అతన్ని నేను క్షమాపణ అడిగాను. పెద్దాయనను అడగడానికి వీల్లేదు.

నాకు తెలిసిన చరిత్రే తర్వాత నాకు బుద్ధి చెప్పింది. 1528 చివర్లో లూథర్, ఆయన తోటివాళ్లు సాక్సనీలో ఊరూరా తిరిగి సంఘాలను తనిఖీ చేశారు. జనానికి క్రైస్తవ బోధలో ఓనమాలు రావు. నేర్పాల్సిన బోధకుల్లో చాలామందికీ చేతకాదు. ఆ దుఃఖంతోనే 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశానని ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు. అంటే నేను బల్ల మీద పెట్టుకున్న ఆ చిన్న పుస్తకం, ఊళ్లలో ఏం జరుగుతోందో కళ్లారా చూసినవాడు రాసింది. దాన్ని బోధిస్తూ ఊళ్లనుంచి వచ్చిన డైరీలను నేను అక్షర దోషాల కోసం వెతికాను.

మేము పద్ధతి మార్చుకున్నాం. ఇందులో కొత్తది కనిపెట్టిందేమీ లేదు. ఆంటన్ బోయిసెన్ అనే అమెరికన్ పాస్టరు తాను మానసిక రోగిగా ఆస్పత్రిలో ఉండి బయటికొచ్చి, 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో వేదాంత విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టాడు. పుస్తకాలు చదివినంత శ్రద్ధగా బతికున్న మనుషులను చదవాలన్నది ఆయన పట్టు. రోగితో జరిగిన సంభాషణను మాట మాటా రాసుకొచ్చి, గురువు ముందు, తోటివాళ్ల ముందు చదివి చర్చించే అలవాటు ఆ ఉద్యమంలోనే పెరిగింది. మన దగ్గర వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో అలాంటి శిక్షణ ఉంది. మా పిల్లలందరినీ అక్కడికి పంపలేం. కాబట్టి సోమవారం మొదటి రెండు గంటలు తరగతులు తీసేసి, ఆరుగురేసి కూర్చుని, ఒక్కరి సంభాషణ మాత్రమే చదువుతున్నాం. పేరూ ఊరూ తీసేస్తాం. నువ్వు చెప్పిన ఈ మాట ఆయన్ని ఏదైనా చేయమంటోందా, ఆయనకు ఏదైనా ఇస్తోందా అని వాక్యం వాక్యానికీ అడుగుతాం. వాల్తర్ పుస్తకం ఆ గదిలోనే మాకు అర్థమవుతోంది.

మొదటి ఏడాది ఇది కూడా చెడింది. మార్కులు ఉంచాం. దాంతో పిల్లలు నాకు నచ్చే సంభాషణలు రాయడం మొదలుపెట్టారు. ప్రతి రోగీ చివర్లో కన్నీళ్లు తుడుచుకుని స్తోత్రం చెప్పేవాడు! మార్కులు తీసేశాక తడబాట్లు తడబాట్లుగానే వస్తున్నాయి. 'ఏం చెప్పాలో తెలియక నీళ్లు తాగడానికి లేచాను' అని మొన్న ఒక అమ్మాయి రాసింది. ఆ ఒక్క వాక్యం మీద రెండు గంటలూ గడిచాయి.

సహోపాధ్యాయులు కొందరికి ఇది నచ్చలేదు. గ్రీకు, హీబ్రూ గంటలు తగ్గుతాయన్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. భాషలు రాని బోధకుడు ఎవరో చెప్పింది నమ్మాల్సి వస్తుంది. గ్రీకు తగ్గించడానికి నేనూ ఒప్పుకోను. తగ్గించాల్సింది నోట్సు చెప్పి రాయించే గంటల్ని. సెమినరీలో పాఠం చెప్పేవాళ్లలో చాలామందికి సొంత సంఘం ఉండదు. అభిషేకం పొంది ఏళ్లు గడిచినా ఒక్క సమాధి కార్యక్రమం జరిపి ఉండరు. నేను అలా పదేళ్లకు పైగా ఉన్నాను. అలాంటివాడికి డైరీలో వర్ణక్రమమే కనబడుతుంది.

ఆనాటి విద్యార్థి, ఇప్పటి పాస్టరుగారు, తన సంఘాలకు మా పిల్లల్ని ఇద్దరిని పంపమన్నారు. పంపుతున్నాం. కాకపోతే ఒక షరతు పెట్టారు. నెలకోసారి పిల్లలతో పాటు ఉపాధ్యాయుడు కూడా రావాలి, వాక్యం చెప్పడానికి కాదు, గృహ దర్శనానికి. జాబితాలో ఈ నెల నా పేరు ఉంది. మంచాన ఉన్న ఇద్దరి ఇళ్లు గుర్తుపెట్టి పంపారు. పాస్టరుగారు లేనప్పుడు వెళ్తున్నాం కాబట్టి, అభిషేకం పొందినవాణ్ని నేనే గనక, సంస్కారపు పెట్టె తెచ్చుకోమని కింద రాశారు.