రెండు రోజులకని ప్రాగ్ వెళ్లాం

2024 అక్టోబరు 25, శుక్రవారం సాయంత్రం నేనూ అమ్మా డ్రెస్డెన్‌లో ప్రాగ్ రైలెక్కాం. నా ఉద్యోగం డ్రెస్డెన్‌లో. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. బుధవారం బెర్లిన్ నుంచి ఆవిడ తిరుగు ప్రయాణం. గురువారం దీపావళి. దీపాలు పెట్టే వేళకు తెనాలిలో ఉండాలని ఆవిడ పట్టు. ఈలోగా ఒక్క రాజధాని నగరమైనా చూపించి పంపాలని నా ఆశ. ఎల్బే నది పక్కనే సాగే దారి, రెండున్నర గంటల ప్రయాణం. శని, ఆదివారాలు చాలనుకున్నాను.

ప్లానంతా నాదే. ఫోన్‌లో పట్టిక వేసుకున్నాను. శనివారం తొమ్మిదికి పాత ఊరి గడియారం. అది 1410 నాటిది, గంట కొట్టినప్పుడల్లా పైన కిటికీల్లో అపొస్తలుల బొమ్మలు కదులుతాయి. పదింటికి చార్లెస్ వంతెన. 1357లో మొదలుపెట్టిన రాతి కట్టడం, దాని మీద ముప్పై విగ్రహాలు. పదకొండున్నరకు 22వ నంబరు ట్రాములో కోటకు. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఎక్కడెక్కడ కూర్చోవచ్చో కూడా రాసుకున్నాను. పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టుకోవాలన్న గడి మాత్రం ఆ పట్టికలో లేదు.

అమ్మకు ఒక అలవాటుంది. ఊరు దాటితే డబ్బులూ కాగితాలూ చిన్న గుడ్డసంచిలో పెట్టి, నడుము దగ్గర లోపలికి దోపి పిన్నీసు పెట్టేస్తుంది. శనివారం పొద్దున హోటల్లో అదే పని చేస్తుంటే, "అది ఇలా ఇవ్వమ్మా, ఇది తెనాలి బస్టాండు కాదు" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ప్రాగ్‌లో 65 ఏళ్లు దాటినవాళ్లకు ట్రాములో టికెట్ అక్కర్లేదు, వయసు రుజువు చూపిస్తే చాలు. అమ్మకు 67. తనిఖీవాళ్లు వస్తే అంతమంది మధ్య ఆవిడ పిన్నీసు తీసుకుంటూ నిలబడడం ఎందుకని, ఆవిడ పాస్‌పోర్టూ నాదీ కలిపి నా బ్యాగు ముందు జేబులో పెట్టి జిప్పు లాగాను. ఇరవై నాలుగు గంటల టికెట్ అప్పుడు 120 కొరూనాలు. మన లెక్కలో నాలుగొందల చిల్లర.

గడియారం చూశాం. వంతెన దాటాం. మలోస్ట్రాన్‌స్కా స్టాపు దగ్గర ట్రాము ఎక్కబోతుంటే, ముందున్న ఇద్దరు మెట్టు మీద ఆగి, ఎక్కాలా వద్దా అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. వెనక నుంచి తోపులాట. నేను అమ్మ మోచెయ్యి పట్టుకుని పైకి ఎక్కించే పనిలో ఉన్నాను. ఆ ఇద్దరూ చివరికి ఎక్కనే లేదు, పక్కకు తప్పుకున్నారు. పాపం, దారి తెలియనివాళ్లు కాబోలు అనుకున్నాను.

కోట దగ్గర టికెట్ కిటికీలో పెద్దవాళ్లకు రాయితీ అని చూసి జేబు తడిమాను. జిప్పు తెరిచి ఉంది. చెయ్యి పెడితే వేళ్లకు ఉత్త గుడ్డ తగిలింది. బ్యాగంతా ఆ రాళ్ల మీదే బోర్లించాను. నీళ్ల సీసా, గొడుగు, పులిహోర డబ్బా, అమ్మ బీపీ మాత్రలు. అంతే. అమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

యుంగ్‌మన్ కూడలిలో రాత్రింబవళ్లు తెరిచి ఉండే పోలీసు ఠాణా ఉంది, అక్కడికి వెళ్లాం. మొదట పాస్‌పోర్టు నంబర్లు అడిగారు. ఎవరికి గుర్తుంటాయి? నా జర్మనీ నివాస కార్డు పర్సులో ఉండబట్టి నేనెవరినో రుజువైంది. అమ్మకు ఆ ఆధారం కూడా లేదు. అక్కడి హోటళ్లు విదేశీయుల పాస్‌పోర్టు వివరాలు రాసుకోవాలని చట్టం. రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే నంబరు చెప్పారు. చెక్ భాషలో ఫిర్యాదు కాగితం చేతికొచ్చేసరికి సాయంత్రం అయింది.

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. అమ్మను తీసుకుని రైలెక్కితే సరిహద్దులో ఏం చూపించాలి? పాస్‌పోర్టుతోపాటు అందులోని వీసా, దిగిన తేదీ ముద్ర కూడా పోయాయి. మిగిలింది ఒకటే దారి: ప్రాగ్‌లోని మన రాయబార కార్యాలయంలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవడం. దానితో ఇండియాకు మాత్రమే వెళ్లగలరు, అదీ ఒక్కసారి.

నాన్నగారికి ఫోన్ చేసేసరికి తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర. కంగారు పడతారని భయపడ్డాను. అమ్మ ఫోన్ లాక్కుని, "బీరువాలో పై అరలో పెళ్లిశుభలేఖ కవరుంది, అందులో జిరాక్సులున్నాయి, తీయండి" అంది. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ, మూడూ అందులో ఉన్నాయి. ఇక్కడికి బయల్దేరే ముందు రోజు ఆవిడ ఎవరికీ చెప్పకుండా తీయించి పెట్టుకుందట. నాన్నగారు పంపిన ఫొటోలు మసకగా వస్తే, పక్కింటి కుర్రాణ్ని నిద్రలేపి మళ్లీ తీయించారు. నా దగ్గర ఇంత ఫోన్, ఇన్ని యాప్‌లు ఉండి ఒక్క నకలు లేదు.

ఆ శనివారం రాత్రే యూరప్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. నిద్రపట్టని రాత్రికి ఇంకో గంట కలిసింది. సోమవారం పని అవుతుందనుకుంటే, అక్టోబరు 28 చెక్ దేశానికి జాతీయ దినం, 1918లో చెకొస్లొవేకియా ఏర్పడ్డ రోజు. దేశమంతా సెలవు. నా పట్టిక ఆదివారంతో ఆగిపోయింది కాబట్టి సోమవారం సంగతి నేను చూసుకోనేలేదు.

మంగళవారం పొద్దున్నే రాయబార కార్యాలయానికి వెళ్లాం. ఫొటోలు కావాలన్నారు. మెట్రో స్టేషన్ పెట్టెలో దిగినవి 35 బై 45 మిల్లీమీటర్లవి, మనవాళ్లకు అప్పట్లో కావలసింది రెండంగుళాల చదరం. స్టూడియో వెతుక్కుంటూ ఆ మోకాళ్లతో అమ్మ ఎంత దూరం నడిచిందో నాకు లెక్క తెలియదు. ప్లానులో రాసుకున్న బెంచీలేవీ ఆ దారిలో లేవు.

బుధవారం సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. బెర్లిన్ టికెట్ వృథా అయింది. గురువారానికి ప్రాగ్ నుంచి కొత్త టికెట్ కొన్నాను. హోటల్‌తో కలిపి లక్షా ఇరవై వేలు దాటింది. విమానాశ్రయం కౌంటర్‌లో ఇరవై నిమిషాలు ఎవరెవరికో ఫోన్లు చేశాకే బోర్డింగ్ పాస్ చేతికిచ్చారు. అవతల ఇమిగ్రేషన్‌లో అడిగితే చూపించమని వీసా జిరాక్సు ప్రింటూ పోలీసు కాగితం నకలూ అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ వాటిని సర్టిఫికెట్‌తో కలిపి మడిచి, గుడ్డసంచిలో వేసి, నా ముందే పిన్నీసు పెట్టుకుంది. ఈసారి నేనేమీ అనలేదు.

"భయపడకురా, నోరుంటే ఊరంతా తిరిగి రావచ్చు" అని లోపలికి వెళ్లింది. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు పది మాటలు. దీపావళి రాత్రి అమ్మ ఒక్కతే ఆకాశంలో ఉంది. తెనాలిలో నాన్నగారు ఒక్కరే దీపం పెట్టారు. శంషాబాద్‌లో దిగానని ఆవిడ ఫోన్ చేసేదాకా నేను అన్నం ముట్టలేదు. నా తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కారు. నివాస కార్డూ ఫిర్యాదు కాగితమూ చూసి వదిలేశారు.

దొంగను నేను ఒక్కసారే తిట్టుకున్నాను. తప్పు ఎక్కువ నాదే. రెండు పాస్‌పోర్టులూ ఒకే జేబులో పెట్టాను, అదీ వీపు వెనక. నాలుగొందలు మిగులుతాయని. మా అమ్మ ముప్పై ఏళ్ల జాగ్రత్తను బస్టాండు అలవాటని నవ్వి తీసిపారేశాను.

మీరూ రెండు రోజులకని ఎక్కడికైనా బయల్దేరుతుంటే, ఏ గడియారం ఎన్నింటికి కొడుతుందో తర్వాత చూసుకోవచ్చు. ముందు పాస్‌పోర్టూ వీసా జిరాక్సు తీయించి ఒక ప్రతి ఇంట్లో ఉంచండి. ఇంకొకటి వేరే సంచిలో పెట్టుకోండి. ఒకరివి ఒకరు మోయకండి. సోమవారం సెలవేమో చూడండి. పెద్దవాళ్లు పిన్నీసు పెట్టుకుంటుంటే పెట్టుకోనివ్వండి.