వయ్యారిభామకు తుప్పు తెగులు

మాది హోసూరు దగ్గర ఒక చిన్న పల్లె. మా అవ్వకు బంతిపూల తోట ఉంది. వానలు పడగానే ఆ తోట గట్టంతా వయ్యారిభామ మొలుస్తుంది. పేరు సొగసే గాని గుణం చెడ్డది. ఆ కలుపు తీసిన రోజు రాత్రి అవ్వ చేతులు ఎర్రగా దద్దుర్లు లేచి, దురదకు నిద్రే పట్టదు. ఆ మొక్కలో ఉండే పార్థెనిన్ అనే పదార్థమే దీనికి కారణమని మా సైన్సు సారు చెప్పారు.

"అది మన మొక్క కాదు. దాని పుట్టిల్లు మెక్సికో వైపు. మన దేశంలో 1955లో పుణెలో దాన్ని గుర్తించారు. వచ్చేటప్పుడు దాని శత్రువులు వెంట రాలేదు, అందుకే ఇంతగా పెరిగింది" అన్నారు సారు.

ఆ శత్రువుల్లో ఒకటి ఆకులకు పట్టే శిలీంధ్రం. దాన్ని తుప్పు తెగులు అంటారు. చల్లని రాత్రి మంచుకు తడిసిన ఆకు మీద దాని సిద్ధబీజాలు పడితే మొలకెత్తి లోపలికి చొచ్చుకుపోతాయి. కొన్నాళ్లకు ఆకు మీద తుప్పు రంగు పొక్కులు లేస్తాయి. అవి పగిలి, ఆ పొడి గాలికి పక్క మొక్కలకు పోతుంది. తెగులు పట్టిన మొక్క బలం తగ్గి పూత తగ్గుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1991లో దీన్ని కావాలనే వదిలారట.

ఇంటికి పోయి సంబరంగా చెప్పాను. అవ్వ మాత్రం, "తెగులు రాకూడదని నేను దేవుడికి మొక్కుకుంటా ఉంటే, మీరు తెగుల్ని తెచ్చి వదుల్తారేమిరా? అది నా బంతికి పడితే ఎట్లా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మరునాడు సారును అడిగాను. "శాస్త్రవేత్తలు కూడా మొదట ఇదే అడుగుతారు" అన్నారాయన. వయ్యారిభామ, బంతి, చామంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఒకే కుటుంబం. అందుకే బయట వదలకముందే ఈ చుట్టాల మొక్కల మీద మూసిన గదుల్లో పరీక్షిస్తారు. 1984లో బెంగళూరులో ఈ కలుపు మీదికే మెక్సికో పెంకు పురుగును వదిలారు. తర్వాత అది పొద్దుతిరుగుడు ఆకులు కొరకడం కనబడి, మళ్లీ పరీక్షించాల్సి వచ్చిందట.

చదువుకోని మా అవ్వ అడిగిన ప్రశ్న ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. తెగులు ఒక్కటే కలుపునంతా చంపదు కూడా. అందుకే ఈ ఏడు పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని గట్టు మీది వయ్యారిభామను నేనే పీకాను. ఆ రాత్రి అవ్వ హాయిగా నిద్రపోయింది.