అట్టముక్కకి మార్కులు

అరచేతిలో ఇమిడిపోయే ఒక అట్టముక్క. దాన్ని చూసి పదికి ఇన్ని మార్కులని చెప్పడానికి 25 డాలర్లు! ఈ మాట విని మా వారు చేతిలో పేపరు పక్కన పెట్టేశారు. ఆయన పేపరు పక్కన పెట్టారంటే అది సామాన్యమైన వార్త కాదన్నమాటే.

డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాం లెండి. మా మనవడికి పదకొండేళ్ళు. వాడి లోకమంతా పోకేమాన్ కార్డులు. 1996లో జపాన్‌లో పుట్టి, 1999లో అమెరికా చేరిన ఆట ఇది. మూసిన పొట్లం కొంటే అందులో ఏ కార్డులున్నాయో విప్పేదాకా తెలియదు. నూటికి తొంభై కార్డులు చిల్లరవే. ఎప్పుడో ఒకటి అరుదైనది తగుల్తుంది. రెక్కలున్న నారింజరంగు బల్లి ఒకటుంది, చారిజార్డ్ అని. అది వచ్చిందంటే ఆ పూట మా కోడలు వండిన బీరకాయ కూరకి కూడా వంక పెట్టడు.

వాటికి ఈ మార్కుల బాగోతం ఏమిటంటే, దాన్ని గ్రేడింగు అంటారట. కార్డుని తపాలాలో ఆ కంపెనీకి పంపాలి. అక్కడ మనుషులు భూతద్దం పెట్టి నాలుగు సంగతులు చూస్తారు. బొమ్మ అట్టకి సరిగ్గా మధ్యలో పడిందా, మూలలు వాడిగా ఉన్నాయా, అంచులు నలగకుండా ఉన్నాయా, పైన గీతలూ మరకలూ ఏమైనా ఉన్నాయా అని. చూసి, పది లోపు ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, నంబరున్న చీటీతో తిరిగి పంపుతారు. ఆ పెట్టె ఇహ విప్పకూడదు. విప్పితే మార్కులు పోయినట్టే.

వాడు వేళ్ళు మడిచి నాలుగూ చెబుతుంటే నాకు నవ్వాగలేదు. మా కాలంలో పెళ్ళిచూపులకి వచ్చిన ఆడవాళ్ళు చూసినవీ నాలుగే మరి: రంగు, జుట్టు, పలువరస, నడక. కాకపోతే వాళ్ళకి ఫీజు లేదు, ఉప్మా, మైసూరుపాకు పెడితే సరిపోయేది. అంకె మాత్రం అక్కడికక్కడ చెప్పేవాళ్ళు కాదు. "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అని లేచేవాళ్ళు.

అలాగని ఈ ఏర్పాటు బొత్తిగా బోగస్ అనను. ఎక్కడో ఉన్నవాడు ఫొటో చూసి వేల డాలర్లు పోసి కార్డు కొంటాడు. అది అసలుదా, నకిలీదా, నలిగిన అంచులు కత్తిరించి కొత్తదానిలా చేసిందా చెప్పే మనిషి మధ్యలో ఒకడు కావాలి. 1991లో అమెరికాలో పి.ఎస్.ఏ. అనే కంపెనీ మొదలైంది అందుకే. 2022లో మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు, 1952 నాటిది, కోటీ 26 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. దానికి ఎస్.జి.సి. అనే ఇంకో కంపెనీ వేసిన మార్కు తొమ్మిదిన్నర. అంత సొమ్ము పెట్టేవాడికి ధైర్యం చెప్పేవాళ్ళు ఉండాలి కదా!

నాకు మింగుడు పడనిది ఫీజు వేసే పద్ధతి. కార్డు ఖరీదు పెరిగితే ఫీజూ పెరుగుతుంది. మనం ఒక ధర రాసి పంపాక, మంచి మార్కు వచ్చి ధర ఇంకా ఎక్కువ పలికేట్టుంటే, మిగతా పైకం కట్టమనే కంపెనీలున్నాయి. మన దగ్గర నగకి హాల్‌మార్క్ వేయిస్తే, 2022లో పెంచాక కూడా, 45 రూపాయలూ పైన పన్నూ. ఉంగరానికీ అంతే, వడ్డాణానికీ అంతే. 916 అని వేశాక వడ్డాణం బరువు చూసి "ఇంకో వెయ్యి ఇప్పించండమ్మా" అనరు. ఎక్కువ మార్కు వేస్తే ఎక్కువ ఫీజొచ్చే చోట, వేసేవాడు ఎంత ధర్మాత్ముడైనా, చూసేవాళ్ళకి అనుమానం రాదూ?

"ఖరీదైన కార్డు వాళ్ళ చేతిలో పాడైతే పరిహారం వాళ్ళే కదత్తయ్యా ఇవ్వాలి" అంది మా కోడలు. అదీ నిజమే. అయినా నా అనుమానం నాది.

మా వారు అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. కవరు వెనక లెక్క వేశారు. వాడు పంపుతానన్నవి నాలుగు కార్డులు. ఫీజు 100 డాలర్లు, రానూపోనూ తపాలా, ఇన్సూరెన్సు కలిపి ఇంకో 30. చౌకరేటు కూడా ఉందట గానీ, దానికి సభ్యత్వం కట్టాలి, ఒకేసారి ఇరవై కార్డులు పంపాలి. మార్కుల్లేకుండా ఉన్నదున్నట్టు అమ్మితే ఆ కార్డుకి 30 డాలర్లు వస్తాయి. పది వస్తే 150. తొమ్మిది వస్తే 45.

"ఒరే, తొమ్మిది వచ్చినా నష్టమేరా! పదికి తొమ్మిది తెచ్చుకున్నవాడు ఫెయిలయ్యే బడి ఎక్కడైనా ఉందా?" అన్నారు.

"నావి నాలుగూ పదే, తాతయ్యా" అన్నాడు వాడు. పుట్టినరోజుకీ, పండక్కీ చుట్టాలు చేతిలో పెట్టినవన్నీ కలిపి వాడి డబ్బాలో 140 డాలర్లున్నాయి. పది ఉంచుకుని తక్కినవన్నీ తెచ్చి బల్ల మీద పోశాడు.

నలభై అయిదు పనిదినాల్లో తిరిగి వస్తాయన్నారు. నాలుగు నెలలు పట్టింది. ఈ ఆలస్యాలు కొత్తేమీ కాదట. కరోనా రోజుల్లో అమెరికాలో అందరూ అటకల మీది పాత కార్డులు దింపారు. పి.ఎస్.ఏ.కి మూడు నెలల్లో వచ్చేటన్ని కార్డులు మూడు రోజుల్లో వచ్చిపడ్డాయి. 2021 మార్చిలో వాళ్ళు చాలామటుకు సర్వీసులు ఆపేసి కూర్చున్నారు. మూడు నెలల పిండి మూడు రోజుల్లో రుబ్బమంటే ఏ గ్రైండరు రుబ్బుతుంది! కానీ మా వాడు పంపింది ఆ రద్దీ అంతా తగ్గాకే. కంపెనీ పేరు ఎందుకు లెండి.

చివరికి డబ్బా వచ్చింది. రెండు తొమ్మిదులు, ఒక ఎనిమిది. నాలుగో కార్డుకి పెట్టె లేదు, అంకె లేదు. అంచులు కత్తిరించినట్టు కనబడుతోంది గనక మార్కు వెయ్యలేమని చిన్న చీటీ. ఫీజు మాత్రం వెనక్కి రాలేదు.

ఆ కార్డున్న పొట్లం విప్పింది నా ఎదురుగా. ఆ ఇంట్లో కత్తెర మా కోడలి కుట్టుపెట్టెలో ఉంటుంది, ఆ పెట్టె జోలికి పిల్లలు వెళ్ళకూడదు. తొమ్మిదికీ ఎనిమిదికీ ఏడవని పిల్లాడు ఆ చీటీ చేత్తో పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"నేను చీట్ చేశానని రాశారా, నానమ్మా?"

ఏం చెప్పను? మా అబ్బాయి కంపెనీకి రాశాడు. నిపుణుల అభిప్రాయమే అంతిమమని జవాబొచ్చింది. పదకొండేళ్ళవాడికి మోసం చేశావన్నట్టు రాసి, అది అభిప్రాయమే అంటే ఎలాగండీ? మరో కంపెనీకి పంపుదామా అని ఆలోచించారు. తీరా చూస్తే ఆ పి.ఎస్.ఏ. యజమానులే 2024లో ఎస్.జి.సి.ని కూడా కొనేశారట. గుమ్మాలు రెండైనా ఇల్లు ఒకటే అన్నమాట.

వాడి మనసు మళ్ళించడానికి మా అబ్బాయి ఆ రాత్రి ఒక కథ చెప్పాడు. కథ కాదు, జరిగిందే. హోనస్ వాగ్నర్ అని పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు. 1909, 1911 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన కార్డుల్లో ఆయనది బహు అరుదు. అందులో ఒకదాన్ని 1991లో హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, ఇంకొకాయనతో కలిసి, 4 లక్షల 51 వేల డాలర్లకి వేలంలో పాడుకున్నాడు. పి.ఎస్.ఏ. మార్కు వేసిన మొట్టమొదటి కార్డు అదే. ఎనిమిది వేశారు. 2007లో అది 28 లక్షల డాలర్లకి చేతులు మారింది. 2013లో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి కోర్టులో ఒప్పుకున్నాడు, గ్రెట్జ్‌కీ చేతికి రాకముందే ఆ కార్డు అంచులు తాను కత్తిరించానని!

"కట్ చేసినదానికి ఎనిమిది వేశారా?" అన్నాడు వాడు.

"ఎనిమిదే."

"నేను కట్ చెయ్యలేదు, నాకు సున్నా."

దీనికి వాళ్ళ నాన్న దగ్గర కూడా సమాధానం లేదు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఈ వ్యవహారంలో ఇంకో అలవాటుందట. మార్కు నచ్చకపోతే పెట్టె పగలగొట్టి, కార్డు తీసి, మళ్ళీ పంపడం. మా అబ్బాయికి ఎక్కడలేని పంతం వచ్చి, ఒక తొమ్మిదిని అలా తీసి, అదే కంపెనీకి, ఇంకో 32 డాలర్లు ఖర్చుపెట్టి పంపాడు. ఈసారి పది వచ్చింది! ఇంట్లో ఒకటే సంబరం. నేను కళ్ళజోడు పెట్టుకుని, ముందు తీసిన ఫొటో పక్కన పెట్టి చూశాను. కింద కుడిమూల సూదిమొనంత తెల్లచుక్క అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. గొలుసుని రెండు చోట్ల పరీక్ష చేయించినా 916 పెరిగి 958 కాదు. ఇక్కడ అట్ట మారలేదు, చూసిన కన్నో, చూసిన వేళో మారిందంతే.

"మొత్తం ఖర్చు 162. దీనికి వచ్చేది 150" అన్నారు మా వారు కవరు చూసుకుంటూ. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. మనవడు మాత్రం ఎనిమిది మార్కుల పెట్టెని దీపం కింద అటూ ఇటూ తిప్పుతూ, "అయితే ఇది నిజంగా ఎనిమిదేనా, నాన్నా?" అని అడిగాడు. మా కోడలు వాళ్ళిద్దర్నీ ఒక చూపు చూసి, పెట్టెలు మూడూ తీసుకెళ్ళి బీరువా పై అరలో పెట్టేసింది.

పెట్టె లేని నాలుగో కార్డు వాడి జేబులో తిరుగుతోంది. మేం బయల్దేరే ముందు వారం రోజులు వాడు నాకు ఆ ఆట నేర్పాడు. ఒక సాయంత్రం నా కాఫీ చుక్క దాని మీద పడింది. కొంగుతో తుడవబోతే, "పర్లేదు నానమ్మా, నీ వంతు, ఆడు" అన్నాడు.