ద్రాక్షారసమా, సారాయా?

డిసెంబరు మొదటి వారంలో మా ఇంట్లో అటక మీద నుంచి ఒక జాడీ దిగుతుంది. చూడ్డానికి ఊరగాయ జాడీనే, కానీ దాంట్లో ఊరగాయ పెడితే మా పాటి ఊరుకోదు. పాటి అంటే నాన్న వాళ్ల అమ్మ. నాన్న వైపు వాళ్లు తమిళ క్రైస్తవులు. అమ్మ వాళ్లు ముళబాగిలు వైపు నుంచి గని పనికి వచ్చిన తెలుగువాళ్లు. జాడీ పాటిది. దాన్ని చూసి మొహం తిప్పుకునేది అమ్మ.

ఆ వారం నాన్న బెంగళూరు నుంచి రైల్లో వస్తూ నాలుగు కిలోల నల్లద్రాక్ష తెస్తాడు. మారికుప్పం ఆఖరి స్టేషన్ కదా, తోసుకుని దిగే పని లేదు, పళ్లు నలగవు. ఇది బజార్లో దొరికే గింజల్లేని పొడుగు ద్రాక్ష కాదు. చిన్నగా, గుండ్రంగా, బూడిద పూసినట్టు ఉంటుంది. నొక్కితే గుజ్జు నోట్లోకి జారి తోలు చేతిలో మిగులుతుంది. లోపల గింజలు, తోలేమో పులుపు. వాసన మాత్రం ఇల్లంతా నిండిపోతుంది. పేరు బెంగళూరు బ్లూ. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, మన కోలారు తోటల్లో పండుతుంది. 2013లో దీనికి జిఐ గుర్తింపు కూడా వచ్చింది.

ఈ వ్యాసం కోసం వెతికితే తెలిసింది, దీని అసలు వంశం అమెరికాది, అక్కడి పేరు ఇసబెల్లా. వైన్ పండితులకు ఈ వాసన గిట్టదట, 'నక్క వాసన' అని పేరు పెట్టారు. అదే పండు ఇటలీకి వెళితే అక్కడివాళ్లకు స్ట్రాబెర్రీ గుర్తొచ్చి 'ఊవా ఫ్రాగొలా' అన్నారు. దాంతో చేసే ఎర్ర వైన్ ఫ్రాగొలీనో. యూరప్ చట్టాల ప్రకారం దాన్ని వైన్ అని అమ్మకూడదు. అయినా ఉత్తర ఇటలీ పల్లెల్లో ఇళ్లలో చేసుకుంటూనే ఉన్నారు. చదివి నవ్వుకున్నాను. అక్కడా మా పాటిలాంటి వాళ్లు ఉన్నారన్నమాట!

పాటి చిన్నప్పుడు ఒక ఆంగ్లో ఇండియన్ దొరసాని ఇంట్లో పనిచేసేది. అక్కడే నేర్చుకుంది. ద్రాక్షను కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, చేత్తో నలపాలి. చక్కెర, కాచి చల్లార్చిన నీళ్లు, గుప్పెడు గోధుమలు, చెక్క, లవంగం, కాస్త ఈస్ట్. మూత బిగించకూడదు, గుడ్డ కట్టాలి. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు గ్యాస్ వస్తుంది, దానికి దారి కావాలి. రోజుకోసారి చెక్కగరిటెతో తిప్పాలి. ఇరవై ఒక్క రోజులు. జాడీకి చెవి పెడితే బుసబుసమని చిన్న శబ్దం వినిపిస్తుంది. నాకు ఆ శబ్దం చాలా ఇష్టం.

పోయిన ఏడాది పాటి మణికట్లు వాచాయి. నలిపే పని నాకు వచ్చింది. పాటి స్టూలు మీద కూర్చుని "మెల్ల, మెల్ల, కన్ను" అంటూ ఉంది. మోచేతుల దాకా ఊదారంగు. అమ్మ దూరంగా నిలబడి చూసింది.

"ఇది ద్రాక్షారసం అమ్మా, బైబిల్లో కూడా ఉంది" అన్నాను. తెలుగు బైబిల్లో వైన్‌కు వాడిన మాట అదే. పళ్లు పిండిన రసాన్నీ మనం అదే అంటాం. పెద్ద పాయింటు దొరికిందనుకున్నాను.

"రసమయితే మూడు వారాలు గుడ్డ కట్టి ఏంటికే దాచడం?" అంది అమ్మ.

తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, చాంపియన్ రీఫ్ గనిలో భూమి లోపల పనిచేశాడు. పని దిగాక సారాయి ప్యాకెట్టు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. ఆ తర్వాత పొద్దునే మొదలుపెట్టేవాడట. మూడేళ్లలో పోయాడు. నేను ఆయన్ను ఫోటోలోనే చూశాను. ఆ రోజు అమ్మ ఇంకో మాట కూడా అంది: "మీ తాత కూడా మొదట్లో పండగకే తాగేవాడు."

దానికి నా దగ్గర జవాబు లేదు. పాటి తమిళంలో ఏదో అనబోయి ఊరుకుంది.

పన్నెండో రోజు తిప్పేటప్పుడు గరిటె చివర ఉన్నది నాలుక మీద వేసుకున్నాను. తీపి, కొంచెం పులుపు, తర్వాత గొంతులో వెచ్చగా. ఇంకొక్క గరిటె అనిపించింది. అనిపించిందని ఇక్కడ రాయడానికే భయంగా ఉంది. వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో అమ్మ. తిట్టలేదు. గుడ్డ మళ్లీ గట్టిగా కట్టి వెళ్లిపోయింది.

క్రిస్మస్ రోజు వడకట్టి పాత స్క్వాష్ సీసాల్లో పోశాం. పక్కిళ్లకు పంపే పళ్లేలు సర్దేది ఎప్పుడూ అమ్మే. కేకు ముక్క, తను చేసిన కజ్జికాయలు, ఒక చిన్న గ్లాసు. గ్లాసు మాత్రం నన్ను పెట్టమంటుంది.

ఇప్పుడు పాటి ఆ జాడీ నాదే అంటోంది. మొన్న ఆదివారం నాన్న ఈసారి ఎన్ని కిలోలు తేవాలని నన్ను అడిగాడు. రెండు చాలన్నాను.

"ఒకటి తే" అంది అమ్మ వంటింట్లోంచి.